యవల కల్లు

సహం,
ఏప్రిల్ 1975.

అక్క కమలవ్వకు,

ఇక్కడ మస్కట్ దేశంలో నేను బాగున్నాను. అక్కడ నువ్వూ బాగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి నీ తిట్లతో నాలుగు ఉత్తరాలు వచ్చేవి.

నాకు సిమెంటు పని తప్పింది. మా రోడ్డు కంపెనీ ఇంజనీరు పార్కర్ దొరకు వంటవాడు కావాలంటే, నేను వంటవాడినే అని చెయ్యి ఎత్తాను. నువ్వు నేర్పిన పప్పుచారు ఆ అబద్ధాన్ని నిలబెట్టింది. ఇప్పుడు దొర బంగళాలో వెనక రూమ్ నాది. ఫ్యాను ఉంది. సముద్రం గాలికి ఉప్పు పట్టి అది మూలుగుతుంది, అయినా తిరుగుతుంది.

దొర మంచివాడే. కాకపోతే ఒక పిచ్చి ఉంది. ఆయనకు పర్మిట్ మీద మస్కట్‌లో డబ్బా బీరు దొరుకుతుంది. అది రేకు వాసన కొడుతుందట. అందుకని ఇంట్లోనే చేసుకుంటాడు. చేసుకోవడమంటే మన సారా బట్టీ అనుకునేవు, ఆవిరి పట్టే గొట్టాలేమీ లేవు. దొర బార్లీ అనే యవలు నానబెట్టి, తడి గోనెసంచుల మీద పరిచి, మొలక రాగానే ఎండబెడతాము. ఎండినవాటిని ఇసుర్రాయిలో పలుకుగా పగలగొట్టి వేడి నీళ్లలో మూతపెట్టి ఉంచితే, గంటకల్లా అది తియ్యటి గంజి అవుతుంది. వడకట్టి, తమ దేశం నుంచి తెచ్చుకున్న చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి గాజు జాడీలో మూస్తాడు. అది రెండు రోజులు గుడగుడమంటుంది. ఎప్పుడు చేసినా బిందెడే చేస్తాడు. ఈ ఎండకు పాడైపోతే బిందెడుతోనే పోవాలని ఆయన లెక్క.

ఆ యవలు పంపేది ఎవరనుకున్నావు? నీ మొగుడే, మా బావే. సమాయిల్‌లో ఆయన కొండలు పగలగొట్టే సైట్ పక్కన ఖర్జూర తోటల నీడలో పశువుల కోసం యవలు పండిస్తారు. బావ వాటిని బస్తాకెత్తి, మా కంపెనీ లారీ నడిపే హైదరాబాద్ ఖమరుద్దీన్ చేతికిస్తాడు. ఖమరుద్దీన్ నమాజు తప్పని మనిషి. బస్తా దించి, "మేరెకు కుచ్ నక్కో బోల్ భాయ్, మై కుచ్ నై పూఛా" అని వెళ్లిపోతాడు. ఆయన అడగడు, మేము చెప్పము.

శుక్రవారం సెలవుకు బావ కూడా అదే లారీలో వచ్చాడు. దొర ఆయనకు ఒక గ్లాసు ఇచ్చాడు. బావ తాగి, మూతి తుడుచుకుని ఏమన్నాడో తెలుసా? "దీన్ని మా నాయినకు పోస్తే ఏ చెట్టుదంటడో సూడాలె!"

మేమిద్దరం పడి పడి నవ్వాము. దొరకు ఎందుకో అర్థం కాలేదు. నేను వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను: లచ్చన్న మామ నాలుక మీద కల్లు పడితే చాలు, వాగొడ్డు తాటిచెట్టుదా, బీడులో ఒంటి చెట్టుదా, పటేలు గట్టుదా చెప్పేస్తాడని, ఒకసారి గౌడు పరీక్ష పెట్టి రెండు చెట్లది కలిపి పోస్తే రెండు పేర్లూ చెప్పాడని. దొర టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. మామకు ఈ మర్యాద సంగతి చెప్పు.

నీ తమ్ముడు,
భూమయ్య

*

ఎర్రగుంటపల్లి,
మే 1975.

తమ్ముడు భూమయ్యకు అక్క కమలవ్వ రాసేది.

ఇది చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

మా మామ కాలం చేశారు. ఉగాది పోయిన తర్వాత జ్వరం తగిలింది, తగ్గలేదు. నీ ఉత్తరం వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. దొర టోపీ తీసిన సంగతి ఎవరికి చెప్పాలో తెలియలేదు. తలకొరివి చిన్నాయన కొడుకు పెట్టాడు.

ఈ మాట మీ బావకు చెప్పకూడదు. నేనూ రాయలేదు. ఎందుకో చెప్తాను, విని తర్వాత నన్ను తిట్టుకో. మీ బావ పని నీకు తెలుసు. రాయికి తూటా పెట్టి, వత్తి అంటించి పరుగెత్తి రావాలి. మన బండల క్వారీలో చింతల రాజయ్య పోయిన ఏడు ఇంట్లో గొడవపడి పనికి పోయాడు. వత్తి అంటించి అక్కడే నిలబడిపోయాడట. తోటివాళ్లు అరిచినా కదల్లేదట, ఏ ఆలోచనలో ఉన్నాడో ఏమో. ఇంటికి అతని చెప్పులే తెచ్చారు.

మీ బావకు తండ్రి అంటే ఎంత ప్రాణమో నీకు నేను చెప్పనక్కర్లేదు. ఇప్పుడు తెలిసినా కంపెనీ పంపదు, రాలేడు. రాలేనివాడికి చెప్పి, ఆ మనసుతో తూటాల దగ్గరికి పంపమంటావా? వచ్చే ఉగాదికి కంట్రాక్టు అయిపోతుంది. ఇంటికొస్తాడు. గడపలో కాళ్లకు నీళ్లిచ్చి నేనే చెప్తాను. అంతవరకు నీ నోటి నుంచి రాకూడదు. నా పిల్లల మీద ఒట్టు.

కమలవ్వ

*

సహం,
జూన్ 1975.

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఆ రోజు దొరకు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన ముద్దముద్దకూ నీళ్లు తాగుతూ తిన్నాడు.

ఒట్టు పెట్టిన తర్వాత ఇక అడగడానికేముంది. చెప్పను. కానీ నువ్వు అక్కడ కూర్చుని ఒట్టు పెట్టావు, ఇక్కడ బావ ముఖం చూసేది నేను. పోయిన శుక్రవారం వచ్చాడు. లారీ దిగీ దిగకుండానే అడిగాడు.

"ఇంటికాడికెల్లి ఉత్తరం వచ్చిందా? నాయిన మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడట బావా."

అంతే. మూడు మాటలు. ఆ తర్వాత పొద్దంతా నేను బీరు గురించే మాట్లాడాను. నాకు తెలిసింది, తెలియనిది అంతా చెప్పాను. బావ, "ఏందిరా, ఇంత గనం మాట్లాడుతున్నవు ఇయ్యాల, తాగినవా?" అన్నాడు.

ఈ నెల మాకు రెండు నష్టాలు. ఒకటి, గాలిలో తడి ఎక్కువై మొలకలు బూజు పట్టాయి. పూటకోసారి తిరగెయ్యాలని దొర చెప్పాడు, నేను బద్ధకించాను. రెండోది, సీసాల్లో పోసేటప్పుడు ఒక్కో చెంచా చక్కెర వేయాలి, అప్పుడే పొంగు వస్తుంది. నేను మంచి చేద్దామని రెండేసి చెంచాలు వేశాను. మధ్యాహ్నం రూమ్‌లో సీసాలు ఒకటి తర్వాత ఒకటి పేలాయి. నేను మంచం కింద దూరాను. బావ ఆ సంగతి విని కడుపు పట్టుకుని నవ్వాడు. "నా కాడ వత్తన్న ఉంటది, నీ కాడ అది గూడ లేదు కదరా" అన్నాడు.

మిగిలిన సీసా ఒకటి విప్పుకున్నాను. మన పద్ధతి ప్రకారం మొదటి గుక్కకు ముందు నేల మీద కాస్త సాక పోశాను. మా నాయన ఓదెలు పేరు, తాత పేరు చెప్పుకున్నాను. లచ్చన్న మామ పేరు కూడా చెప్పాను. కొడుకు పొయ్యలేనప్పుడు ఎవరో ఒకరు పొయ్యాలి కదా. అప్పటి నుంచి దొర రుచి చూడమని ఇచ్చిన ప్రతిసారీ అలాగే పోస్తున్నాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పెత్రమాస వస్తుంది. అందరూ తమ తమ పెద్దలకు పెట్టుకుంటారు. మామకు ఇది మొదటి పెత్రమాస, ఒక్కగానొక్క కొడుకు. ఆ రోజు మామకు ఎవరు పెడతారు?

భూమయ్య

*

ఎర్రగుంటపల్లి,
జూలై 1975.

తమ్ముడు భూమయ్యకు,

పెత్రమాసకు నేను పెడతాను. జంగమయ్యకు బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాను. మాంసం వండి, కల్లు తెప్పించి పెడతాను. కోడలు పెట్టకూడదని ఎవరైనా అంటే వాళ్లతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు వంట సంగతి చూసుకో, ఉప్పు ఒక్కసారే వెయ్యి.

నీకు మూడు మాటలకే బరువైంది. నా సంగతి విను. మీ బావకు రాసే ప్రతి ఉత్తరంలో మామ మాట ఒకటి లేకపోతే అనుమానం వస్తుంది. అందుకని కల్పిస్తున్నాను. "ఎద్దు కుంటుతుంది, వాడుంటే చూసేవాడు అన్నాడు" అని ఒకసారి రాశాను. "అన్ని ఖర్జూర చెట్లుండి ఒక్కదానికి గూడ కుండ కట్టరా, ఆ దేశమోళ్లకు తెలివి లేదా" అని తిట్టాడని ఇంకోసారి రాశాను. రాసేటప్పుడు అరుగు మీద నుంచి ఆయన గొంతు వినిపించినట్టే ఉంటుంది. నిజంగా ఉంటే అలాగే అనేవాడు. అందుకే అబద్ధమని అనిపించదు. రాయడం అయిపోయి లేచి చూస్తే అరుగు ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఏడుస్తాను. ఇక్కడ ఏడ్చినా ఫర్వాలేదు, ఇక్కడ తూటాలు లేవు.

వానలు ఇంకా పడలేదు. పిల్లలు బాగున్నారు.

కమలవ్వ

*

సహం,
సెప్టెంబర్ 1975.

అక్కకు,

నువ్వు బడి పుస్తకంలా రాస్తావు, కానీ పోయిన ఉత్తరం చదివి, బావ కంట పడకుండా పెట్టె అడుగున దాచాను.

దొర సెలవు మీద తన దేశం పోయాడు. పోయేముందు నన్ను పిలిచి, ఈస్టు చచ్చిపోకుండా చూడమన్నాడు. ఇది మన పెరుగు తోడు లాంటిదే. ఒక జాడీ అడుగున మిగిలిన మడ్డిని ఇంకో జాడీకి వెయ్యాలి, మధ్యలో ఆపితే చెడిపోతుంది. అందుకని తాను లేనప్పుడు ఒక బిందెడు చేసి, అది నన్నే ఉంచుకోమన్నాడు. దొర లేకుండా ఇదే మొదటిసారి.

చేసింది నేను కాదు, నిజానికి బావే. యవల్లో రాళ్లు, పుచ్చులు ఏరి పంపాడు. ఆ తర్వాత ఒక శుక్రవారం వచ్చి మొలకలు తానే తిరగేశాడు, పై శుక్రవారం వచ్చి ఇసుర్రాయి తానే తిప్పాడు. దొర నాకు థర్మామీటరు చూడడం నేర్పాడు, నేను బావకు నేర్పాను. జాడీకి తడి గోనె చుట్టి నీడలో పెట్టాము. చక్కెర ఒక్క చెంచానే వేశాము, నేను దగ్గరుండి చూశాను.

ఇసుర్రాయి తిప్పుతూ బావ చెప్పాడు. వచ్చే ఉగాదికి ఇంటికి రాగానే జొన్నలతో ఇలాగే చేస్తాడట. మామకు చెప్పకుండా ముంతలో పోసి ఇస్తాడట. "జిందగీల ఒక్కపారి నాయినతోని 'నాకు తెల్వదురా' అనిపియ్యాలె" అన్నాడు. ఆ మాటకు నేను లేచి బయటికి పోయి, నీళ్ల డ్రమ్ము దగ్గర ముఖం కడుక్కుని వచ్చాను.

అక్కా, ఇక నావల్ల కాదు. నన్ను చెప్పనివ్వు. బావ పిల్లవాడు కాదు. శుక్రవారం పొద్దున చెప్తాను, రెండు రోజులు ఇక్కడే ఉంచుకుంటాను, ఖమరుద్దీన్‌ను తోడిచ్చి పంపుతాను. పెత్రమాసకు కొడుకు చేతి నుంచి తండ్రికి అందుతుంది. సరేనని ఒక్క ముక్క రాయి, చాలు.

భూమయ్య

*

ఎర్రగుంటపల్లి,
సెప్టెంబర్ 1975.

భూమయ్యకు,

వద్దు.

చచ్చినవాడికి కల్లు అందలేదని బతికినవాడిని పోగొట్టుకోలేను. పెత్రమాస ఏటా వస్తుంది. మీ బావ ఒక్కడే.

నువ్వు చెప్పావని తెలిస్తే నాకు తమ్ముడు లేడనుకుంటాను.

కమలవ్వ

*

సహం,
అక్టోబర్ 1975.

అక్క కమలవ్వకు,

బావ బాగున్నాడు. ముందు ఇది చదివి, ఊపిరి పీల్చుకుని తర్వాత మిగిలింది చదువు.

నేను చెప్పలేదు. కానీ బావకు తెలిసిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, తర్వాత నీ ఇష్టం.

పెత్రమాసకు ముందు శుక్రవారం బావ వచ్చాడు. ఏదో ఒక సాకుతో ఆదివారం దాకా ఆపుదామని నేను బావ సైట్ మేస్త్రీకి ముందే కబురు పంపి ఉంచాను. ఆపి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. మా బిందెడు బీరు తయారైంది. వరండాలో చాప మీద కూర్చుని మొదటి సీసా విప్పాము. మంచి రంగు వచ్చింది, నురగ నిలిచింది. బావ ముఖం చూడాలి నువ్వు!

గ్లాసుల్లో పోసుకున్నాము. బావ నేల మీద సాక పోశాడు. "మా అవ్వ ముత్తవ్వకు, మా తాతకు" అన్నాడు. తర్వాత నేను పోశాను. "మా నాయిన ఓదెలుకు, మా తాతకు, లచ్చన్న మామకు" అన్నాను.

అలా అనాలని అనలేదు అక్కా. జూన్ నెల నుంచి ఎన్నిసార్లు ఒక్కడినే కూర్చుని అలా పోశానో! చెయ్యి వంగగానే నోరు ఆ మూడు పేర్లూ చెప్పేసింది. అప్పుడు నా గ్లాసు నా చేతిలోనే ఉంది. బావ గ్లాసు పెదవుల దాకా వెళ్లి ఆగింది.

బతికి ఉన్నవాడి పేరు మీద మనవాళ్లెవరూ సాక పొయ్యరు. ఆయనకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

గ్లాసు కింద పెట్టాడు. ఒలకకుండా, నెమ్మదిగా.

"ఎప్పుడు?"

"ఉగాది పోయినంక."

"నీకెప్పటిసంది ఎరుక?"

చెప్పాను. నువ్వు ఎందుకు వద్దన్నావో, చింతల రాజయ్య చెప్పులతో సహా అంతా చెప్పాను. బావ వింటూ సంచిలో నుంచి నీ ఉత్తరాల కట్ట తీశాడు. ఒక్కొక్కటీ విప్పి, మామ మాటలున్న చోట వేలు పెట్టి చూపించాడు.

"గియ్యన్ని ఎవలు చెప్పిన మాటలు?"

"అక్క."

"నాయిన లెక్కనే ఉన్నయి" అన్నాడు. వాటిని మళ్లీ మడతపెట్టి లోపల పెట్టుకుని, లేచి సముద్రం వైపు వెళ్లాడు. వెనకాల నేనూ వెళ్లాను, నాలుగు బారల దూరంలో. ఏడిస్తే ఏడవనివ్వాలని అనుకున్నాను. చాలాసేపు ఏడ్చాడు. చేపల వలలు బాగుచేసుకునే ముసలి అరబ్బు ఒకాయన చూసి, అడక్కుండానే నీళ్ల కూజా తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

నా మీద కోపం చల్లారలేదు. మరునాడు టీ ఇస్తే తాగి అన్నాడు: "నాయిన కోసం ఏడ్సెటోడు తూటా కాడ ఏడుస్తడా? నేనేమన్న పోరన్నా? ఆమె భయం ఆమెది, సరే. నువ్వు మొగోనివై నా ముంగట కూసోని మంచిగున్నడంటివి." ఆయన అన్నది నిజమే.

ఆదివారం పెత్రమాస. బావ తలస్నానం చేసి తానే వండాడు. అన్నం, మేక మాంసం, గారెలు. గారెలు గట్టిపడ్డాయి. తోటల దగ్గర అరటి ఆకు అడిగి తెచ్చాము. కాకులకు ఇక్కడ కొదవ లేదు. ఒడ్డున ఆకు పరిచి, వడ్డించి, మేము దూరంగా నిలబడ్డాము. కాకులు వచ్చి ముట్టాయి.

అప్పుడు బావ సీసా విప్పాడు. సాక లాగా నాలుగు చుక్కలు కాదు, సీసా మొత్తం ఇసుకలో పోశాడు, నెమ్మదిగా, ముంతలో పోసినట్టు.

"నాయినా, ఏ చెట్టుదని అడుగకు. ఇది చెట్టుది కాదు" అన్నాడు.

తర్వాత మేమిద్దరం చెరో సీసా తాగాము. బాగుంది. కొంచెం చేదు ఎక్కువైంది.

పని సంగతి. సమాయిల్‌కు నేను కూడా లారీలో వెళ్లాను. నేను నోరు తెరవకముందే బావే మేస్త్రీ దగ్గరికి వెళ్లి, "మా నాయిన పోయిండు, నన్ను కొన్నొద్దులు వత్తి కాడికి పంపకు" అన్నాడు. మేస్త్రీ రాళ్లు ఎత్తే పనిలో పెట్టాడు. ఉగాదికి వస్తాడు. జొన్నలతో చేస్తానన్నాడు కదా, అది చేస్తాడట.

నీకు తమ్ముడు ఉన్నాడో లేడో నువ్వు తేల్చుకో. కానీ బావ ఒక్క మాట అడగమన్నాడు. తానే రాద్దామని కూర్చుని రాయలేక నాకు చెప్పాడు. పోయేటప్పుడు నాయిన నోట్లో కల్లు చుక్క పోశారా లేదా, అని.

దీనికి మాత్రం కల్పించి రాయకు అక్కా. ఉన్నది ఉన్నట్టు రాయి.

భూమయ్య

*

ఎర్రగుంటపల్లి,
నవంబర్ 1975.

తమ్మీ,

నిన్ను తిడుదామని కాయితం తీసుకున్న. తిట్టుడు వస్తలేదు. నాలుగు దినాలసంది గిట్లనే ముంగట పెట్టుకోని కూసుంటున్న. మీ బావను పైలంగ సూసుకో. జొన్నలు ఒక కుండెడు పక్కకు పెట్టిన, ఇత్తనాలకు గూడ ముట్టనియ్యలే.

మీ బావకు చెప్పు. పోసిన.

ఆ పొద్దు గౌడు వాగొడ్డు చెట్టుది తెచ్చిండు, మామకు పాణం లెక్క ఉండెనాయె అది. తల నా తొడ మీద పెట్టుకోని రెండు చుక్కలు నోట్లె పోసిన. మింగిండు. "ఏ చెట్టుది మామా" అని అడిగిన. చెవుకాడ నోరువెట్టి ఇంకోపారి అడిగిన. చెప్పలే.

అందరు ఇంక పాణమున్నది అన్నరు. నాకు మాత్రం అప్పుడే ఎరుకైంది.

మీ అక్క